వేపాకుల గది

ఈ ఉదయం పటాన్‌చెరులో మా అక్క కూతురు బుజ్జి వాళ్ళ సందులోకి తిరిగేసరికి కరెంటు వాళ్ళు తీగలకు అడ్డం వస్తోందని ఒక వేపచెట్టు కొమ్మలు కొట్టేస్తున్నారు. అంతకుముందే వాన పడి వెలిసినట్టుంది. తడిసిన ఆకు, తెగిన కొమ్మ కలిసిన ఆ పచ్చి చేదు వాసన సందంతా నిండిపోయింది. కొమ్మల పక్కనుంచి దారి చేసుకుని నడుస్తున్నాను. ఇంతలో, "పెద్దమ్మా, చెప్పులు ఏడ ఇడిసినవ్? పుల్లలు గుచ్చుకుంటయ్, సూస్కో!" అని కొమ్మలు ఈడుస్తున్న అబ్బాయి కేకేశాడు. కిందికి చూసుకుంటే నిజంగానే కాళ్ళకు చెప్పులు లేవు. సందు మొదట్లో ఎవరో చెప్పినట్టు బుద్ధిగా విడిచేసి వచ్చేశాను. వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటుంటే నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. పచ్చి వేపాకు వాసన తగిలితే చాలు, నా కాళ్ళు నన్నడక్కుండా చెప్పులు విడిచేస్తాయి. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి డాక్టర్ నఫీసా.

ఆవిడ మీకెవరికీ తెలిసే వీలు లేదు. ఆవిడ బొమ్మ ఏ పేపర్లోనూ పడలేదు, ఆవిడ పేరు ఏ వీధికీ పెట్టలేదు. డెబ్భైల మొదట్లో సంగారెడ్డిలో పెంకుల కప్పున్న ఒక చిన్న ఆస్పత్రిలో పిల్లల వార్డు చూసేవారు. నర్సు చదువు అయ్యాక నేను మొట్టమొదట చేరింది ఆవిడ చేతి కిందే. మాది తెనాలి వైపు. నాన్నకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం రావడంతో అరవైలలోనే మూటాముల్లె సర్దుకుని పటాన్‌చెరు వచ్చేశాం. నేను సంగారెడ్డిలో గది కిరాయికి తీసుకుని ఉంటూ, సెలవు దొరికినప్పుడు బస్సెక్కి ఇంటికి వెళ్ళేదాన్ని. నఫీసా గారు పొట్టి మనిషి. గొంతు మాత్రం గేటు దాకా వినబడేది. ఇంట్లో ఉర్దూ, మాతో ఇక్కడి తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి దంచేవారు. కోటు జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది. తిట్టిన తర్వాత తిట్లు తిన్నవాళ్ళ చేతిలో చిటికెడు సోంపు పోయడం ఆవిడ రాజీ పద్ధతి. ఆ లెక్కన ఆస్పత్రిలో అందరికంటే ఎక్కువ సోంపు తిన్నది నేనే.

చేరిన కొత్తలో ఒకరోజు నన్ను కిటికీ దగ్గరికి పిలిచి పెరట్లోని వేపచెట్టు చూపించారు. "సరోజా, గా చెట్టును రోజూ చూస్తుండు. ఎర్ర చిగురు పట్టిందంటే మంచాలు ఖాళీ చేసి పెట్టుకోవాలె. తట్టు పిల్లలు వస్తరు" అన్నారు. ఇదేం వైద్యమండీ అని లోపల అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి నాకూ ఆ చూపు అబ్బింది. ముసురు పట్టిందంటే వాంతులు, విరేచనాలు. కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల పక్కన రేకుల గుడిసెలు వేసుకున్న కూలీల పిల్లలు పునాది గుంటల్లో నిలిచిన నీళ్ళు తాగి, కళ్ళు లోతుకుపోయి వచ్చేవారు. చలి ముదిరితే డొక్కలెగరేసుకుంటూ చంటిబిడ్డలు. ఎండలు మొదలయ్యే ముందు తట్టు. ప్రతి కాలానికీ ఒక దగ్గు, ఒక ఏడుపు ఉండేవి. వరండాలో నడుస్తూ లోపల ఏడ్చే పిల్ల ఏడుపును బట్టి ఆవిడ జబ్బు పేరు చెప్పేసేవారు. చాలాసార్లు ఒప్పే అయ్యేది. తప్పయితే మాత్రం, "నీ ముందర పరువు తీసింది చూడు పోరి" అని ఆ పిల్ల బుగ్గ గిల్లేవారు.

అన్ని జబ్బుల్లోకీ ఆవిడను బాధపెట్టింది తట్టే. ఎందుకంటే తట్టు ఎర్రగా ఉండగా పిల్లలు మా దగ్గరికి వచ్చేవారే కాదు. ఒంటి మీద తట్టు కనిపించగానే తల్లి పోసిందని ఇంటి తలుపు మూసేసేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డను వేపాకుల మీద పడుకోబెట్టేవారు. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్ళూ బిడ్డను గడప దాటించకూడదు. మందు కూడదు, సూది అసలే కూడదు. తట్టు ఎండాక వేపాకు నీళ్ళు పోసి, అమ్మవారిని సాగనంపి, అప్పుడు కూడా జ్వరం తగ్గకపోతే ఆస్పత్రి గుర్తొచ్చేది. అప్పటికి ఊపిరితిత్తులు పాడయ్యేవి. అమ్మవారు వెళ్ళిపోయాక మిగిలిన బిడ్డలే మా మంచాల మీదికి వచ్చేవారు, కొందరు మిగిలేవారు కూడా కాదు.

హత్నూర వైపు నుంచి ఒకామె అలాగే ఆలస్యంగా కొడుకును ఎత్తుకొచ్చింది. నఫీసా గారు బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, తీసి, ఇక ఆగలేకపోయారు. "ఇన్ని దినాలు ఏం జేసినవ్? నీ కండ్లు ఏడికి వోయినయ్? బిడ్డ డొక్కలు గిట్ల ఎగురుతుంటే ఇంట్ల దీపం పెట్టి కూసున్నవా?" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచారు. ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పిల్లవాడు దక్కలేదు. ఆ రోజు ఎవరికీ సోంపు పెట్టలేదావిడ. కొద్ది రోజులకు మా ఆయా పోశమ్మ ఆవిడతో, చెప్పనా వద్దా అన్నట్టు, "అమ్మా, గదే ఊళ్ళె ఇంకో పిల్ల పోయిందట. పక్కలెగురుతున్నయని తెలుసట. గా డాక్టరమ్మ అందరి ముంగట తిడ్తదని తోల్కరాలేదట" అంది. నఫీసా గారు చేతిలో ఉన్న టీ అలాగే బల్ల మీద పెట్టేశారు. "పోశమ్మా, నేను తిట్టింది ఆమెను కాదు" అన్నారు. ఆ తర్వాత కూడా మమ్మల్ని తిట్టడం మానలేదు, మా భాగ్యం. కానీ బిడ్డను ఎత్తుకొచ్చిన ఏ తల్లి మీదా ఆవిడ గొంతు లేవడం నేను మళ్ళీ వినలేదు. "ఇంట్ల ఏం జేసిండ్రు, చెప్పమ్మా" అని అడిగేవారు. వాతలు పెట్టించామన్నా, పసరు పోశామన్నా ముఖంలో ఏదీ కనబడనిచ్చేవారు కాదు.

మరుసటి ఏడు వేప చిగురు వేళకు అదే కష్టం మా గుమ్మంలోకి వచ్చింది. మా బావ పని చేసేదీ పటాన్‌చెరులోనే కాబట్టి అక్క, బావ మా ఇంటి వెనక వాటాలోనే ఉండేవారు. వాళ్ళ పాప బుజ్జికి అప్పటికి మాటలు కూడా సరిగా రాలేదు, నన్ను 'పిన్నీ' అనలేక 'ఇన్నీ' అనేది. సెలవు దొరికి ఇంటికి వెళ్తే గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల బుజ్జి వేపాకుల మీద పడుకుని ఉంది. ఒళ్ళంతా ఎర్రగా తట్టు. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఆ పోవడం నేను రోజూ చూసేదే, చివరికి ఏమవుతుందో కూడా చూసిందే. "అక్కా, ఇప్పుడే సంగారెడ్డి తీసుకుపోదాం" అన్నాను. అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మవారు ఇంట్లో ఉండగా పిల్లను గడప దాటిస్తావుటే? నీ చదువు నువ్వు వేరే ఎక్కడైనా చూపించుకో. మీ మేనమామ కూతురికి ఇలాగే సూది వేయించారు. ఏమైందో గుర్తులేదూ? ఆవిడకు కోపం వస్తే మనం తట్టుకోగలమా?" అంది. అమ్మ మూర్ఖురాలు కాదు. బుజ్జి అంటే ప్రాణం పెట్టేది, నేను వచ్చేసరికి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుని ఉంది. ఆ భయం కూడా ప్రేమలోంచి వచ్చిందే కాబట్టి దానితో వాదించడం నా వల్ల కాలేదు. ఏడ్చాను, అరిచాను, కాళ్ళు పట్టుకున్నాను. చివరికి దొరికిన బస్సెక్కి సంగారెడ్డి పరుగెత్తాను. ఓపీలో నఫీసా గారు నా ముఖం చూసి పేషెంట్లను పక్క డాక్టరుకు అప్పగించి లేచారు. ఆస్పత్రి జీపులో కూర్చున్నాక ఒక్కటే అడిగారు. "మీ అమ్మ ఏమంటున్నదో సరిగ్గ చెప్పు. నీ మాటలు వద్దు, ఆమె అన్న మాటలే చెప్పు." బొంబాయి రోడ్డు పొడుగునా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

ఆవిడ వెళ్ళగానే లోపలికి దూసుకుపోయి పిల్లను ఎత్తుకుంటారనుకున్నాను. అలా చేయమని మనసులో మొక్కుకున్నాను కూడా. ఆవిడ మా వాకిట్లో చెప్పులు విడిచారు. కుళాయి దగ్గర కాళ్ళు, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నారు. తడి కాళ్ళతో వచ్చి గడప ఇవతలే ఆగారు. "అక్కా, నేను సరోజ పని చేసే ఆస్పత్రి డాక్టర్ని. ఇంట్ల తల్లి ఉన్నదట గద. లోపలికి రావొచ్చా, జెర అడిగి చెప్పు" అన్నారు. అమ్మ బిత్తరపోయింది. కొట్లాటకు నడుం బిగించుకున్న మనిషి, ఇలా అనుమతి అడిగేవాళ్ళు వస్తారని ఎలా అనుకుంటుంది? లోపలికి వెళ్ళి, దీపం ముందు నిలబడి, వచ్చి, "రండి" అంది.

నఫీసా గారు బుజ్జి పక్కన నేల మీదే కూర్చున్నారు. ఛాతీ విన్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగి చాలా మామూలుగా, "తల్లి ఈ గోడల మీద ఉన్నదా అక్కా, బిడ్డ మీద ఉన్నదా?" అని అడిగారు. "బిడ్డ మీదే" అంది అమ్మ. "మరి బిడ్డ ఏడికి వోతే తల్లి గూడ గాడికే వస్తది గద. ఇద్దరినీ నా దగ్గరికి పంపు. ఆస్పత్రిల ఆమెకు తక్లీఫ్ కాకుంట నేను చూసుకుంట." ఆస్పత్రి అంటే చెప్పులు, పోపు ఘాటు, నానా జనం, మైల అని అమ్మ గొణిగింది. "నువ్వు చెప్పు. ఏమేం ఉండొద్దో అన్నీ చెప్పు" అన్నారావిడ. అమ్మ చెప్పింది. చెప్పులతో రాకూడదు, కాళ్ళు చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు, బయటివాళ్ళు చూడ్డానికి రాకూడదు, తిరగమోత వాసన రాకూడదు, పిల్లను కసరకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ప్రతిదానికీ ఆవిడ "సరే" అని తలూపారు. అంటుజబ్బుల గదిలో ఏం చేయాలో మాకు పాఠం చెప్పినప్పుడు, ఆ ఒక్క తిరగమోత తప్ప, ఆవిడ చెప్పినవీ దాదాపు ఇవే. "అన్నీ ఒప్పుకున్న. సూది ఒక్కటి నాకియ్యాలె" అన్నారు. అమ్మ మౌనంగా ఉండిపోయింది. ఆ మౌనాన్నే ఒప్పుదల అనుకుని అక్క బుజ్జిని ఎత్తుకుంది.

ఆస్పత్రిలో వరండా చివర పాత మంచాలు పడేసే గది ఒకటి ఉండేది. పోశమ్మ, నేను దాన్ని ఖాళీ చేసి కడిగాం. పోశమ్మ పెరట్లో చెట్టెక్కినంత పని చేసి వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. బుజ్జి పెదవులు అప్పటికే నీలంగా ఉన్నాయి. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెడుతుంటే అమ్మ అడ్డం రాబోయింది. "గాలే అక్కా, గాలికి ఎవరి సెలవు గావాలె?" అన్నారు నఫీసా గారు. మందు నింపిన సూది పట్టుకుని మంచం దగ్గరికి వచ్చారు. అమ్మ రెండు చేతులూ చాచి బుజ్జి మీదికి వంగిపోయింది. "వద్దమ్మా, వద్దు, మీకు దండం పెడతాను" అని బతిమాలుతోంది. అమ్మను పట్టుకుని పక్కకు లాగేద్దామని నేను కదిలాను. నఫీసా గారు కళ్ళతోనే నన్ను ఆపారు. "అక్కా, ముడుపు కట్టు. సూది వేసుకుంటమని తల్లిని నువ్వే అడుగు. నువ్వు అడిగినంక వేస్త" అన్నారు.

పోశమ్మ పసుపు గుడ్డ తెచ్చింది. అమ్మ కొంగున ఉన్న పావలా తీసి ముడివేయబోయింది. ముడి పడలేదు. మళ్ళీ వేసింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తూ అమ్మవారితో ఏదో చెప్పుకుంటోంది. అది ఎంతకీ అయ్యేలా లేదు. మంచం మీద బుజ్జి డొక్కలు ఎగురుతున్నాయి. నేను నర్సును, మందు ముందు వేసి దేవుణ్ణి తర్వాత అడగమని నేర్చుకున్నదాన్ని. ఆ కాసేపు నఫీసా గారి మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు. ఆవిడ మాత్రం సూది పైకెత్తి పట్టుకుని, మా అమ్మ ముఖం చూస్తూ నిలబడే ఉన్నారు. అమ్మ ముడుపును మంచం కోడుకు కట్టి, కళ్ళు తుడుచుకుని, బుజ్జిని తనే ఒక పక్కకు ఒత్తిగిలించి పట్టుకుంది. "వెయ్యండమ్మా. ఇచ్చింది" అంది.

బుజ్జి బతికింది. ఒక్కరోజులో కాదు. జ్వరం దిగి, మళ్ళీ ఎక్కి, మా అందరి ప్రాణాలూ తోడేసి, చివరికొక పొద్దున మంచం పక్కన నన్ను చూసి 'ఇన్నీ' అంది. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. నఫీసా గారు వచ్చి నా చేతిలో సోంపు పోశారు. మనసులో అణుచుకున్నది అడిగేశాను. "ఎందుకు ఆగారు మేడమ్? ఆ కాసేపట్లో ఏమైనా అయి ఉంటే?" ఆవిడ చెట్టు వైపు చూస్తూ అన్నారు. "జబర్దస్తీ చేసి వేస్తే ఈ ఒక్క పిల్లకు వేస్త. రేపు మీ గల్లీల ఇంకో పిల్లకు తల్లి పోస్తే మీ అమ్మనే తలుపు మూయిస్తది. ఆమెనే తల్లిని అడిగి బిడ్డను ఇచ్చిందనుకో, ఇగ ఆమెనే తోల్కొస్తది." నా వైపు తిరిగి, "భయం కాలేదనుకున్నవా? చేతుల సూది వణుకుతుంటే కనబడలే? మంచి నర్సువే!" అని కసిరారు. మళ్ళీ సోంపు పోశారు.

ఆవిడ అన్నట్టే అయింది. మా వీధిలో ఎవరింట తట్టు కనిపించినా అమ్మ హాజరు. "బిడ్డ ఎక్కడికి వెళ్తే ఆవిడ అక్కడికే వస్తుందే పిచ్చిదానా, నే చూశాగా" అని ఒప్పించి, వేపమండ చేత్తో పట్టుకుని మరీ బస్సెక్కించేది. వేపాకుల గది అని పేరు పడిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తట్టు ఎర్రగా ఉండగానే పిల్లలు రావడం మొదలైంది. వచ్చిన ప్రతి బిడ్డా దక్కిందని చెప్పను, కానీ గది తలుపు తీసి చూస్తే లేచి కూర్చుని గంజి తాగే పిల్లలు కనబడేవారు. అంతకుముందు మాకు అది అలవాటు లేని దృశ్యం. ఒకసారి తనిఖీకి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గుమ్మానికి వేపమండలు, మంచాలకు ముడుపులు చూసి, "ఏమిటిది డాక్టర్, ఆస్పత్రా, గుడా?" అని బూట్లతోనే లోపలికి అడుగు వేయబోయారు. ఆ రోజు ఎవరి బిడ్డతోనో వచ్చిన మా అమ్మ గుమ్మం దగ్గరే ఉంది. "బూట్లండీ, బూట్లు! కాళ్ళు కడుక్కుని రండి. గట్టిగా మాట్లాడకండి, లోపల పిల్లలున్నారు!" అని గదమాయించింది. పెద్దాయన నఫీసా గారి వైపు చూశారు. ఆవిడ నేల చూపులు చూస్తున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆయన వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆ గది గురించి ఏమీ అనలేదు.

తర్వాత ఆవిడకు బదిలీ అయింది, నాకూ అయింది. తట్టుకు టీకా వచ్చింది, వేపాకుల గదిలో మళ్ళీ పాత మంచాలు చేరాయి. అలా కావాలనే ఆవిడ కోరుకున్నారు కూడా. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ పోయారని కబురు వస్తే సంగారెడ్డిలో వాళ్ళ పాత ఇంటికి వెళ్ళాను. గుమ్మం నిండా జనం. వాళ్ళలో ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక ముసలామె తలుపు కమ్మీకి వేపమండ గుచ్చుతుంటే నఫీసా గారి తమ్ముడు అయోమయంగా చెయ్యి అడ్డం పెట్టి, "ఇదెందుకమ్మా? మా వాళ్ళల్ల ఈ రివాజు లేదు" అన్నాడు. "నా బిడ్డ బతికిన గదికి గిదే కట్టిండ్రు బాబూ" అంది ఆమె. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను వాకిట్లో చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, గడప ఇవతల నిలబడ్డాను. లోపలికి రావచ్చా అని నేను అడగాల్సింది ఆవిడనే, ఆవిడే లేరు.

వార్డుల్లో పని చేసిన అన్నేళ్ళూ బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లిని ముందు "ఇంట్లో ఏం చేశారమ్మా?" అనే అడిగాను. కోపం రాని రోజు లేదు. వచ్చినప్పుడల్లా సూది పైకెత్తి పట్టుకుని ఆగిన ఆ చెయ్యి గుర్తొచ్చేది. ఆగడం చాలా కష్టం. నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఈ పూట నేను వచ్చింది బుజ్జి మనవరాలిని చూడ్డానికి. నిన్న టీకా వేయించారట, కాస్త వెచ్చబడిందట. చెప్పులు చేత్తో పట్టుకుని కొమ్మలు దాటి వెళ్ళాను. వాకిట్లో కుళాయి తిప్పి కాళ్ళు చేతులు కడుక్కుని గడప ఇవతల ఆగాను. లోపల నడిమి వయసు దాటిన బుజ్జి, ఒళ్ళో పసిదాన్ని పడుకోబెట్టుకుని తల మీద తడిగుడ్డ వేస్తోంది. ఆ ముడుపు గానీ, ఆ గది గానీ దానికేమీ గుర్తు లేవు.

"లోపలికి రావచ్చా?" అన్నాను.

"నువ్వడగడమేంది పిన్నీ, గడప కాడ నిలబడి? జల్దీ రా, నీ కోసమే చూస్తున్న" అంది బుజ్జి.